లాంటిది అనొద్దన్న మనిషి

పోయిన ఆదివారం మధ్యాహ్నం జమ్మలమడుగులో ఆయనను సమాధి చేశారు. నేను పులివెందుల నుంచి బస్సులో చేరేసరికి పెట్టె దించడం అయిపోయింది. వరసలో నిలబడి పిడికెడు మట్టి వేశాను. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఇందులో సిగ్గుపడవలసినది నేనే. అయినా ఇలాంటి సంగతి పక్కన తమవాడి పేరు కనిపించడం ఆ ఇంట్లోవాళ్ళకు బాగుండదు.

ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మీద, ఇరుకు మెట్లెక్కితే వచ్చే గదిలో ఆయన కంప్యూటర్ నెట్‌వర్కుల సర్టిఫికెట్ పరీక్షకు పాఠం చెప్పేవాడు. ఆదివారం చర్చి అయ్యాక, ఒకటిన్నరకు. చర్చికి వేసుకున్న ఇస్త్రీ తెల్లచొక్కాతోనే వచ్చేవాడు. ఆరు పాత కంప్యూటర్లు, ఒక బోర్డు, చప్పుడు చేసే ఫ్యాను. కుర్చీ ఉండేది కాని అందులో ఆయన కూర్చోవడం నేను చూడలేదు. జేబులో కేబులు చివర బిగించే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి ఉండేది. మేము జవాబు చెబుతున్నంతసేపూ దాని నాలుకను బొటనవేలి గోరుతో నొక్కుతూ వినేవాడు. టిక్కు, టిక్కు. జవాబు తప్పుదారి పట్టగానే ఆ చప్పుడు ఆగిపోయేది. తప్పు అని నోటితో అనేవాడు కాదు. చప్పుడు ఆగిన తరువాత కూడా మాట్లాడుతూ పోవడం ఎంత కష్టమో ఆ గదిలో చదివినవాళ్ళకే తెలుసు.

నాకు ఆ పరీక్ష చాలా అవసరం. మాది వేముల దగ్గర పల్లె. అప్పట్లో ఎర్రగుంట్లలో గది తీసుకుని, ఆ చుట్టుపక్కల ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే కాంట్రాక్టు పని చేసేవాణ్ణి. సర్టిఫికెట్ చూపిస్తేనే కాంట్రాక్టు పొడిగిస్తామని చెప్పారు. గడువు నెలాఖరు.

మొదటి రోజు ఆయన అడిగిన ప్రశ్న ఇది: "డైరెక్టరీ సర్వీస్ అంటే ఏందప్పా?"

పుస్తకంలో చదివింది గుర్తుంది. "ఫోన్ బుక్కు లాంటిది సార్" అన్నాను.

టిక్కు ఆగింది.

"ఫోన్ బుక్కు నిన్ను ఎప్పుడన్నా ఆపిందా? నువ్వెవురు, నీకు ఈ పేజీ చూసే హక్కు లేదు, పో అనిందా?"

"లేదు సార్."

"మరి యాడ లాంటిది? లాంటిది అనకుండా చెప్పు."

నా పక్కనున్నవాడు ఇంటి తాళాలగుత్తి లాంటిదన్నాడు. ఇంకొకడు రేషను కార్డు లాంటిదన్నాడు. "పరీక్షలో పోలికలు అడగరు నాయనా. అసలు సంగతి తెలీనోడే పోలిక చెప్తాడు. తెలిసినోడు తెలిసింది చెప్తాడు" అని ఆయనే చెప్పాడు. నెట్‌వర్కులో ఎవరెవరున్నారు, ఏ మిషన్లున్నాయి, ఏ ప్రింటర్లున్నాయి, ఎవరు దేన్ని తెరవచ్చు, ఇదంతా ఒకచోట రాసిపెట్టి, అడిగిన ప్రతి మిషనుకూ జవాబు చెప్పే ఏర్పాటు. అంతే. ఆ వాక్యాన్ని మాలో ఒక్కొక్కరితో లేచి నిలబడి చెప్పించాడు. ఎవరు ఎక్కడ తడబడినా మళ్ళీ మొదటినుంచి.

ఇంకొక అలవాటు ఉండేది. మేము పని చేస్తుండగా వెనకనుంచి వచ్చి చెప్పాపెట్టకుండా కేబులు పీకేసేవాడు. పీకి, వెనకనే నిలబడేవాడు. ఎవరు ముందు తెరమీద నొక్కుతారో, ఎవరు వంగి వైరు చూస్తారో, ఎవరు "నేనేం జేయలేదు సార్" అంటారో చూసేవాడు. ఆ మూడో మాట అన్నవాళ్ళమీదే ఆయనకు కోపం.

"నిన్నెవురన్నా అడిగినారా నువ్వు జేసినావని? అడక్కముందే నేను కాదంటాండావే!"

ఆ మాట నేను మూడుసార్లు అన్నాను.

పాఠం చెప్పే ఆ పరీక్షలోనే ఆయన మూడుసార్లు తప్పాడు. దాచేవాడు కాదు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటే చెప్పేవాడు. ఒకడు ఎగతాళిగా, "అయితే మాకెట్ల చెప్తావు సార్?" అన్నాడు. "యాడ తప్పుతారో నీకంటే నాకు బాగా తెలుసు గదా. పాసైనోనికి ఒక దోవే తెలుసురా" అన్నాడు. ఆయన తప్పడానికి కారణం ప్రశ్నలతో కొట్లాడడం. నాలుగింటిలో ఒకటి సరైన జవాబు అంటే, మిగతా మూడూ ఏ సందర్భంలో నిజమవుతాయో ఆలోచిస్తూ కూర్చునేవాడు. సమయం అయిపోయేది.

ఆయన సొంత ఊరు కొండాపురం దగ్గర. రిజర్వాయరు కింద మునిగింది. ఇంట్లోవాళ్ళు ఊరు మునిగినవాళ్ళకు కట్టిన కాలనీలో ఉండేవాళ్ళు. ఎవరైనా ఊరేదని అడిగితే "నీళ్ళలో ఉంది" అనేవాడు. అందులో బాధ కాని హాస్యం కాని ఉండేది కాదు.

ఒక ఆదివారం ఆయన చెప్పిన పాఠం నాకు మాటమాటా గుర్తుంది. డైరెక్టరీలో ప్రతి మనిషికీ పేరు ఒకటి, నెంబరు ఒకటి ఉంటాయి. పేరు మనకు కనిపించడానికి. నెంబరు లోపల ఉంటుంది, లాగిన్ పుట్టినప్పుడు ఒకసారే పడుతుంది. ఫోల్డరు మీద ఫలానావాడు తెరవచ్చు అని రాసి ఉండేది పేరు కాదు, ఆ నెంబరు. పేరు మార్చినా, ఒక విభాగం నుంచి ఇంకొక విభాగానికి జరిపినా నెంబరు మారదు. తీసేస్తే మాత్రం ఆ నెంబరు మళ్ళీ ఎవరికీ రాదు. "అందుకే ఎవుడన్నా ఉద్యోగం మానేస్తే లాగిన్ తీసేయగూడదు. ఆపి పెట్టాల. కొన్నాళ్ళు చూడాల. ఆనెంక తీయాల" అన్నాడు.

వెనక వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మీ ఊరు మునిగిపోయినా మీరు మీరే గదా. జాగా మారింది గాని మనిషి మార్లేదు. అట్లనే గదా సార్?"

గదిలో అందరం ఆమె చాలా బాగా చెప్పిందనుకున్నాం. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"దాన్ని దీనికి వాడొద్దమ్మా" అన్నాడు. కోపంగా కాదు. తరువాత పాఠం కొనసాగించాడు.

ఆ రోజు పాఠాన్ని నోటుబుక్కులో రాసుకున్నాను. అర్థమైందనుకున్నాను. అర్థం కాలేదని ఫ్యాక్టరీలో తెలిసింది. అప్పటికి పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఫ్యాక్టరీలో పి. ఓబులేసులు ఇద్దరు. మా వైపు అన్నదమ్ములిద్దరూ తండ్రి పేరును తమ పెద్దకొడుకులకు పెట్టుకుంటారు. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే. వీళ్ళిద్దరూ అట్లా ఒకే తాత పేరు మోస్తున్న అన్నదమ్ముల పిల్లలు. ఊళ్ళో వాళ్ళను పనిని బట్టి పిలిచేవాళ్ళు. లారీలు తూచే కాటా దగ్గర కూర్చునేవాడు కాటా ఓబులేసు. రెండోవాడు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసి, ఎవరితోనో మాటామాటా అనుకుని మానేసి, ఇంట్లో ఉన్న గొర్రెలనే చూసుకుంటున్నాడు. వాడు గొర్రెల ఓబులేసు. డైరెక్టరీలో మాత్రం పని ఉండదు. ఒకరు ఓబులేసు, ఇంకొకరు ఓబులేసు1.

పి. ఓబులేసు కాంట్రాక్టు పని మానేశాడు, లాగిన్ తీసేయండని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఒకటి అంకె ఉన్నవాడే తాత్కాలికం అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. ఆపి పెట్టనూ లేదు. తీసేశాను. నిజానికి గొర్రెల ఓబులేసే ముందు చేరినవాడు. అంకె పడింది తరువాత వచ్చిన కాటా ఓబులేసుకు.

పది నిమిషాలకు కాటా నుంచి ఫోను. "అప్పా, నా పాస్‌వర్డు తీసుకోల్యా. ఏమైందో సూడు."

చేసింది వెంటనే తెలిసింది. ఎవరికీ తెలియకముందే అదే పేరుతో, అదే అంకెతో కొత్త లాగిన్ చేశాను. "ఇప్పుడు జూడన్నా" అన్నాను. లోపలికి పోగలిగాడు. కాని తూకాలు రాసి ఉంచిన అతని కాటా చీటీలు ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రతిదానికీ అనుమతి లేదు అనే వచ్చింది. కాటా గదికి పరుగెత్తాను. అక్కడ కూర్చుని ఒకచోట అనుమతి ఇస్తే ఇంకొకచోట అడ్డుపడింది. బయట లారీలు రోడ్డుదాకా నిలిచాయి. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు.

మేనేజరు వచ్చాడు. ఆ వారంలోనే తూకాల్లో తేడా ఉందని ఎవరో ఫిర్యాదు చేసి ఉన్నారు. మేనేజరు తెర చూశాడు, ఓబులేసును చూశాడు.

"ఏం మార్చినావు ఇందులో?"

"నేనేం మారుస్తా సార్! నాకు తెరుచుకోందే అది."

"నీ చీటీలు నీకే తెరుచుకోవా? ఎవరికి చెబుతున్నావు కథలు?"

ఓబులేసు నా వైపు తిరిగాడు. "సెప్పప్పా సార్‌కు. నువ్వు సూస్తాండావు గదా."

మేనేజరు అడిగాడు, "సిస్టంలో ఏమన్నా ప్రాబ్లమా?"

నాలుగు మాటలు చాలు. తప్పు నాది సార్, పొరపాటున తీసేసినా అంటే చాలు. కాంట్రాక్టు, నెలాఖరు, మా అమ్మకు చెప్పిన మాట, ఇవన్నీ ఒకేసారి తలలోకి వచ్చాయి.

"చూడాల సార్" అన్నాను.

కాటాను ఇంకొకరి లాగిన్‌తో నడిపించారు. సంగతి తేలేదాకా పనికి రావద్దని ఓబులేసును పంపేశారు. అతను తిన్న క్యారియరు కడుక్కోకుండానే సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ప్రొద్దుటూరు సార్‌కు ఫోను చేశాను.

"సార్, ఒక డౌటు. పరీక్షకు."

"అడుగు." వెనక టిక్కు టిక్కు వినిపిస్తోంది.

"ఒక లాగిన్ తీసేసి, మళ్ళా అదే పేరుతో చేస్తే, పాత అనుమతులన్నీ వస్తాయా సార్?"

టిక్కు ఆగింది.

"ఇది పరీక్ష ప్రశ్నా, ఫ్యాక్టరీ ప్రశ్నా?"

ఫోను ఇంకొక చెవికి మార్చుకున్నాను.

"ఎవురిది?"

"ఓబులేసుది సార్."

"ఏ ఓబులేసు? ఇద్దురూ మా ఊరోళ్ళే. కాటా ఓబులేసా, గొర్రెల ఓబులేసా?"

"కాటా."

"వాడేడుండాడు ఇప్పుడు?"

"ఇంటికి పంపించినారు సార్. తూకాల్లో ఏదో జేసినాడని..."

"నువ్వేం జెప్పినావు మేనేజరుకు?"

"చూడాల సార్ అంటి."

"చూడాల" అని ఆయన కూడా ఒకసారి అన్నాడు. "పొద్దున్నే వస్తాండా. అంతవరకు దేన్నీ ముట్టుకోవాకు."

ఆయన ఫ్యాక్టరీ చేరేసరికి కాటా ఓబులేసు గేటు బయట టీ అంగడి బల్లమీద కూర్చుని ఉన్నాడు. పనికి రావద్దన్నా వచ్చాడు. ఇంట్లో ఏం చెప్పాలో తెలియక వచ్చాడేమో. ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి, ఏమీ చెప్పకుండా లోపలికి నడిచాడు. సర్వరు చూడడానికి వచ్చినాడని గేటులో రాయించి, నేనూ తల వంచుకుని వెనకే నడిచాను.

సర్వరు గదిలో ఆయన ఒక్క బటను కూడా నొక్కలేదు. నాతోనే అంతా చేయించాడు. నేను కొత్తగా చేసిన లాగిన్‌కు ముందు పేరు మార్చి పక్కకు పెట్టించాడు. తీసేసినవి కొన్ని నెలలు ఉండే చోటు ఒకటి ఉంటుంది, అది తెరిపించాడు. అందులో పాత ఓబులేసు1 ఉన్నాడు, తన పాత నెంబరుతో. దాన్ని వెనక్కి తెప్పించాడు. గొర్రెల ఓబులేసు లాగిన్‌ను తీసేయనీయలేదు, ఆపి పెట్టించాడు. కాటా చీటీలు తెరిచి చూశాం. అన్నీ తెరుచుకున్నాయి. తూకాలు సరిగ్గానే ఉన్నాయి.

"ఇంగ?" అన్నాడు.

"అయిపాయ గదా సార్."

"అయిపాయనా?"

అప్పుడే మేనేజరు వచ్చాడు. "ఏం తేలింది?"

ఆయన గోడకు ఆనుకుని నిలబడి క్లిప్పు నొక్కుతున్నాడు. నేను మేనేజరు వైపే చూస్తూ, "సిస్టం ఫాల్ట్ సార్. సరిజేసినాము. చీటీలు కరెక్టుగానే ఉండాయి" అన్నాను.

చప్పుడు ఆగింది. ఆయన చెప్పేస్తాడనుకున్నాను. చెబితే బాగుండునని కూడా ఒక క్షణం అనుకున్నాను. ఆయన చెప్పలేదు. మేనేజరు "సరే, వాన్ని రమ్మను" అని వెళ్ళిపోయాడు.

బస్సు దగ్గరకు ఆయనతో నడిచాను. బస్సు కనిపించాక అన్నాడు:

"పరీక్షలో ఈ ప్రశ్న వస్తే రాస్తావు."

"రాస్తా సార్."

"ఓబులేసుకు చెప్తావా?"

"చెప్తా సార్. పరీక్ష అయిపోనీ."

"సరే" అని బస్సెక్కాడు.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. సరైన జవాబే గుర్తుపెట్టాను. పాసయ్యాను. కాంట్రాక్టు పొడిగించారు. కాటా ఓబులేసును నెల తిరగకముందే కాటా నుంచి తీసి గోడౌనులో వేశారు. తూకం దగ్గర అనుమానం వచ్చినవాణ్ణి మళ్ళీ ఎవరూ కూర్చోబెట్టరు. రోజూ గోడౌను ముందునుంచే సర్వరు గదికి వెళ్ళేవాణ్ణి. పర్మనెంటు కానీ, అప్పుడు చెబుతాననుకున్నాను. తరువాత వేరే ఉద్యోగం దొరకనీ అనుకున్నాను. దొరికింది, పులివెందులకు వచ్చేశాను. ఆ సర్టిఫికెట్ వల్లే వచ్చింది.

ఆయనకు అప్పుడప్పుడు ఫోను చేసేవాణ్ణి. బాగా మాట్లాడేవాడు. ఏదో ఒక చిక్కు ప్రశ్న వేసేవాడు, లాంటిది అనకుండా చెప్పమనేవాడు. నాలుగోసారి పరీక్ష రాసి పాసయ్యాడు. "ఈసారి ప్రశ్నలతో కొట్లాడలేదప్పా, ముసలోన్నైపోయినా" అన్నాడు. ఓబులేసు సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాను. పెద్దమనసుతో వదిలేశాడని కూడా అనుకున్నాను. అట్లా అనుకోవడం హాయిగా ఉండేది.

ఆదివారం మట్టి వేసి పక్కకు వచ్చేసరికి, గోడ దగ్గర కాటా ఓబులేసు చేతులు దులుపుకుంటూ కనిపించాడు. జుట్టు సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"ఏమప్పా, శానా దూరం నుంచి వచ్చినట్టుండావే."

ఇంకొక్క నిమిషం ఆగితే చెప్పలేనని తెలుసు.

"ఓబులేసన్నా, ఆ పొద్దు నీ లాగిన్ పోగొట్టింది నేనే. మీ తమ్మునిది తీయబోయి నీది తీసేసినా. మేనేజరు ముందర చెప్పలేదు."

అతను నవ్వడం ఆపాడు.

"నువ్వా?"

"నేనే."

"నేను మావాన్ని అనుకుంటి గదప్పా. పేరు ఒకటే గదా, కచ్చగా పోయినోడు వాడే ఏందో జేసిపోయినాడని. వాని కూతురు పెండ్లికి గూడ పోలే. ఆ పొద్దుటినుంచి వాని గడప తొక్కలే నేను."

అతను సమాధి వైపు చూశాడు.

"సార్ కాలనీకి వచ్చినప్పుడల్లా అడుగుతాండె. 'ఓబులేసూ, ఎవురన్నా వచ్చి నీతో ఏమన్నా చెప్పినారా?' అని. ఎవురు సార్, ఏం చెప్పాల అంటే చెప్పేటోడు గాదు. ఎవురూ రాలే సార్ అంటాంటి. 'సరే, వస్తాడులే' అని పోతాండె."

"ఆఖరుసారి ఎప్పుడడిగినాడు?"

"మొన్న, ఆస్పత్రిలో. పలకరించను పోయింటి. అప్పుడూ అదే అడిగె."

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. నేను ఏదో అనబోయాను. ఓబులేసు వినలేదు. గేటు బయటికి నడిచి బండి స్టాండు తీశాడు.

"ఎక్కు" అన్నాడు.

"యాడికన్నా?"

"నాకు చెప్తే సాలదు. వాని ముందర చెప్పు."

బండి కాలనీలోకి తిరిగింది. చివరి వీధి దాటాక గొర్రెల దొడ్డి ఉంది. లోపల రెండో ఓబులేసు గొర్రెపిల్లను కాళ్ళమధ్య పెట్టుకుని మందు తాగిస్తున్నాడు. బండి చప్పుడుకు తలెత్తి, అన్నను చూసి, లేవకుండానే అన్నాడు:

"ఏమిరా, దోవ తప్పి వచ్చినావా?"

"తప్పినా" అన్నాడు కాటా ఓబులేసు. దొడ్డి బయటే నిలబడ్డాడు, లోపలికి అడుగు పెట్టలేదు. "ఈయప్ప నీతో ఏందో చెప్పాలంట. విను."

అతను గొర్రెపిల్లను వదిలి, చేతులు పంచెకు తుడుచుకుంటూ తడిక దగ్గరకు వచ్చి, తన అన్నను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"చెప్పప్పా" అన్నాడు.

చెప్పాను.